లేనిదా, పోగొట్టుకొన్నదా?

నెల్లూరు జిల్లాలో వృక్షశాస్త్రం చెప్పుకొని బతికేవారికి, పూలూ గింజలూ లేని చిన్న మొక్కలైన లివర్‌వర్ట్‌లు చేతికి దొరికేది ఏడాదిలో రెండు మూడు నెలలే. నైరుతి వానలు మనల్ని పెద్దగా కరుణించవు. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య వానలే మన చెరువులను నింపుతాయి. ఆ వానల్లోనే చెరువు కట్టల లోపలి వాలు మీద, పొలం గెనిమల మీద, తూముల పక్కన చిత్తడిగా ఉండే మట్టి మీద రూపాయి బిళ్లంత ఆకుపచ్చని చక్రాలు పరుచుకొంటాయి. సంక్రాంతి దాటి నేల బిగుసుకొనే నాటికి అవి వెతికినా కనిపించవు.

రెండేళ్ల కిందట కార్తీకంలో నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని ఉదయగిరి వెళ్లే దారిలో ఒక చెరువు కట్ట మీదికి వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని, చిన్న కత్తితో మట్టితో సహా ఆ చక్రాలను లేపి, పాత పరీక్ష కాగితాలతో చేసిన పొట్లాల్లో పెడుతూ ఉంటే, గొర్రెలను తోలుకొంటూ వచ్చిన ఒక పెద్దాయన కాసేపు నిలబడి చూశాడు.

"ఏంది సార్, ఆ పాచిని అంత జాగర్తగా గీకి పొట్లాలు కడతా ఉండారు?"

పాచి వంటిదే గానీ పాచి కాదనీ, దీన్ని రిక్సియా అంటారనీ, పిల్లలకు చూపించడానికి తీసుకుపోతున్నాననీ చెప్పాను. ఆయన తల ఊపి, "చిన్నప్పటి నుంచీ చూస్తానే ఉండాను సార్. వానలు పడితే వస్తాది, ఎండలు ముదిరితే పోతాది. యాడికి పోతాదో ఏమో గానీ, మళ్లా ఏటికి ఆడనే మొలస్తాది, పక్కకు జరగనన్నా జరగదు" అని, గొర్రెలను అదిలిస్తూ వెళ్లిపోయాడు.

ఈ మొక్క పక్కకు ఎందుకు జరగదన్న ప్రశ్నకు జవాబు దాని గుళికలోనే, అంటే గింజల పని చేసే సన్నని సిద్ధబీజాలు తయారయ్యే తిత్తిలోనే ఉంది. ఆ గుళికను అర్థం చేసుకోవడంలోనే మన పాఠ్యపుస్తకాలు చాలాకాలం తడబడ్డాయి. ఆ తడబాటును డి.ఎన్.ఏ. ఆధారాలు ఎలా సరిచేశాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను డిగ్రీ చదివే రోజుల్లో లివర్‌వర్ట్‌ల పాఠం రిక్సియాతో మొదలై మార్కాన్షియాతో ముగిసేది. రిక్సియా థాలస్, అంటే కాండం, ఆకు అన్న తేడా లేని పలక వంటి దేహం, నేలకు అంటుకొని, రెండుగా చీలుతూ, ఆ చీలికలు మళ్లీ రెండుగా చీలుతూ ఒక చక్రంలా పెరుగుతుంది. గుళికకు పాదం లేదు, కాడ లేదు, సిద్ధబీజాలను విరజిమ్మే మెలికల దారాల వంటి ఇలేటర్లు లేవు. గుళిక థాలస్ లోపలే పాతుకొని ఉంటుంది. థాలస్ కుళ్లి మట్టిలో కలిసినప్పుడే లోపలి సిద్ధబీజాలు బయటపడతాయి, పడిన చోటనే ఉండిపోతాయి. మార్కాన్షియాకు గొడుగుల వంటి కాడలు లేస్తాయి, గుళికకు పాదమూ కాడా ఉంటాయి, ఇలేటర్లు ఉంటాయి, థాలస్ పైభాగాన పీపాల ఆకారంలో గాలి రంధ్రాలు ఉంటాయి. ఇన్ని లేనిది ముందు పుట్టి ఉంటుంది, ఇన్ని ఉన్నది తర్వాత వచ్చి ఉంటుంది అని మాకు చెప్పారు. పరీక్షల్లో మేమూ అదే రాశాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ కొంతకాలం అదే చెప్పాను.

ఆ వరుస చదవడానికి సులువుగా ఉంటుంది. అయితే ఒక అవయవం కనిపించకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు: ఆ వంశానికి అది ఎన్నడూ లేకపోవచ్చు, లేదా తాతముత్తాతలకు ఉండి ఈ తరానికి పోయి ఉండవచ్చు. కంటికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇల్లు లేని మనిషిని చూసి, ఈయనకు తరతరాలుగా ఇల్లు లేదో, లేక ఉన్న ఇంటిని అమ్ముకున్నాడో ముఖం చూసి చెప్పలేం కదా. ఈ అనుమానం మనవాళ్లకు రాలేదని కాదు. లాహోర్‌లో పనిచేస్తూ పశ్చిమ హిమాలయాల లివర్‌వర్ట్‌లను కొండకొండా తిరిగి పరిశీలించిన శివరామ్ కాశ్యప్, ఈ వర్గంలో సరళత చాలావరకు కుదించుకుపోవడం వల్ల వచ్చిందేనని వాదించారు. ఆయన 1934లో మరణించారు. డి.ఎన్.ఏ. జంటసర్పిల నిర్మాణం తెలిసింది 1953లో. కేవలం సూక్ష్మదర్శినితో, ఓపికతో ఆయన ఆ నిర్ణయానికి రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ వాదం మా పుస్తకంలోనూ ఉండేది, కానీ చివరి పేజీలో "మరికొందరి అభిప్రాయం" అన్న శీర్షిక కింద నాలుగు వాక్యాలుగా.

వాదం వాదంగానే మిగిలిపోవడానికి కారణం ఉంది. గుళికలోని కాడను, ఇలేటర్లను చూసి వంశవృక్షం గీసి, ఆ వృక్షాన్నే చూపించి కాడ ముందు వచ్చిందా తర్వాత పోయిందా అని అడిగితే, వాది చెప్పిన మాటనే మళ్లీ సాక్ష్యంగా తెచ్చినట్టు అవుతుంది. ఈ అవయవాలతో సంబంధం లేని సాక్షి ఒకరు కావాలి. డి.ఎన్.ఏ. అటువంటి సాక్షి. హరితరేణువులోని ఆర్.బి.సి.ఎల్. జన్యువు కార్బన్ డయాక్సైడును పట్టే ఎంజైములో ఒక భాగాన్ని తయారుచేస్తుంది; గుళికకు కాడ ఉందా లేదా అన్నదానితో దానికి పని లేదు. అటువంటి జన్యువుల అక్షరాలను వరుసగా పేర్చి, ఏ మొక్కకు ఏ మొక్క దగ్గరో ముందు తేల్చుకొని, ఆ తర్వాత ఆ వృక్షం మీద కాడను, ఇలేటర్లను, గాలి రంధ్రాలను గుర్తు పెట్టుకొంటూ పోవచ్చు.

అలా పేర్చి చూసినప్పుడు రిక్సియా మొదట్లో లేదు. మార్కాన్షియా తరగతిలో అన్నిటికన్నా ముందు విడిపోయిన కొమ్మ బ్లేసియాది. నాస్టాక్ అనే నీలి ఆకుపచ్చ శైవలాన్ని తన గదుల్లో పెంచుకొనే ఈ మొక్కను పూర్వం వేరే వర్గంలో, సాదా థాలస్ ఉన్న మెట్జ్‌జీరియా వంటి మొక్కలతో కలిపి పెట్టేవారు. బ్లేసియా గుళికకు పొడవైన కాడ ఉంది, ఇలేటర్లు ఉన్నాయి. ఆ తర్వాత విడిపోయిన కొమ్మల్లోనూ పాదం, కాడ కనిపిస్తాయి. ఇవన్నీ దాటిపోయాక, కొమ్మల గుంపులో ఎక్కడో లోపల రిక్సియా ఉంది. చుట్టుపక్కల కొమ్మల్లో కాడ ఉన్నప్పుడు, దానికీ దాని అతి దగ్గరి చుట్టాలకూ మాత్రమే కాడ లేదంటే అది పోగొట్టుకొన్నదే. మా పుస్తకంలో చివరి పేజీ మాట అసలు మాటయ్యింది.

గొర్రెల పెద్దాయన మాట నాకు అప్పుడు కొత్తగా వినిపించింది. తేమ నిత్యం ఉండే కొండ చరియల్లో సిద్ధబీజాలను దూరంగా వెదజల్లితే లాభం. ఎనిమిది నెలలు ఎండిపోయే చెరువు కట్ట మీద సంగతి వేరు. ఈ ఏడు ఈ చోట బతకగలిగిందంటే వచ్చే ఏడూ ఇక్కడే బతకగలదన్న నమ్మకం ఎక్కువ; దూరంగా ఎగిరిపోతే ఇసుకలో పడుతుందో, తారు రోడ్డు మీద పడుతుందో తెలియదు. అందుకే కాబోలు రిక్సియా విసిరే సాధనాలను వదిలేసుకొని, పెద్ద పెద్ద సిద్ధబీజాలను తల్లి పడుకొన్న చోటనే మట్టిలో దాచుతుంది. "మళ్లా ఆడనే" మొలవడం చేతగానితనం కాదు, వంశం నేర్చుకొన్న ఉపాయం. ఈ చివరి మాట నా ఊహే గానీ, ఆ చెరువు కట్ట మీద నిలబడి చూస్తే అది సబబుగానే తోస్తుంది.

పోగొట్టుకోవడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ యూరప్‌లో ఉంది. క్రిప్టోతాలస్ మిరాబిలిస్ అనే పేరుతో 1933లో వర్ణించిన ఒక లివర్‌వర్ట్ పీట్ నాచు దుబ్బుల కింద, వెలుతురు సోకని చోట పెరుగుతుంది. దానిలో పత్రహరితం లేదు. భూర్జ వృక్షాల, పైన్ చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకొన్న శిలీంధ్రం నుంచి అది ఆహారాన్ని లాక్కొంటుంది. పచ్చదనమే లేని ఇంత వింత మొక్కకు ప్రత్యేక ప్రజాతి ఇవ్వక తప్పదని ఆనాటివారు అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ జన్యువులను పోల్చి చూస్తే అది అన్యూరా అనే పచ్చని ప్రజాతి మధ్యలో, సొంత అక్కచెల్లెళ్ల నడుమ కూర్చుని ఉంది. 2008లో దానిని అన్యూరా మిరాబిలిస్‌గా మార్చారు. అదే ఏడాది దాని హరితరేణువు జన్యుపటాన్ని కూడా పూర్తిగా చదివారు: అది సుమారు 1,08,000 అక్షరాలది. పచ్చని మార్కాన్షియాలో అది 1,21,000 పైచిలుకు. పనిలేని జన్యువులు కొన్ని మాయమయ్యాయి, కొన్ని విరిగి శిథిలాలుగా మిగిలాయి. గుళికలో కాడ పోతే ఆ చోట ఏమీ కనిపించదు. డి.ఎన్.ఏ.లో మాత్రం పోయిన జన్యువు కూలిన గోడలా తన జాడ మిగిల్చి పోతుంది.

ఆకులు ఉన్నవి ఒక గుంపు, థాలస్ ఉన్నవి ఒక గుంపు అన్న పాత విభజన కూడా నిలవలేదు. ప్లూరోజియాకు చక్కగా ఆకులు ఉన్నా, అది థాలస్ మొక్క అయిన మెట్జ్‌జీరియాకు దగ్గరి చుట్టమని తేలింది. హాప్లోమిట్రియం, ట్రూబియా రెండూ కలిసి మిగతా లివర్‌వర్ట్‌లన్నిటికన్నా ముందే విడిపోయిన కొమ్మ అని 2006 ప్రాంతంలో స్పష్టమయ్యింది. ఏడు వేలకు పైగా జాతులున్న ఈ సమూహాన్ని ఇప్పుడు హాప్లోమిట్రియం తరగతి, మార్కాన్షియా తరగతి, యుంగర్‌మానియా తరగతి అని మూడుగా చూస్తున్నాం.

పేర్ల మార్పు మీద మా సహోద్యోగులకు ఉన్న విసుగు నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఒక పేరు చెప్పి, ఒక ఉదయం అది చెల్లదని పిల్లలకు చెప్పాలంటే ఎవరికైనా ఇబ్బందే. అయినా ఒక్కొక్కసారి కొత్త పేరు పాత పేరే అవుతుంది. 1772లో స్కోపోలీ ఒక మొక్కకు మార్కాన్షియా క్వాడ్రాటా అని పేరు పెట్టాడు. మార్కాన్షియాకు థాలస్ మీద, కొత్త మొక్కలుగా పెరిగే చిన్న ముక్కలు తయారయ్యే గిన్నెల వంటి జెమ్మా కప్పులు ఉంటాయి, దీనికి ఉండవు. అందువల్ల తర్వాతివారు దీన్ని ప్రెయిస్సియా అనే వేరు ప్రజాతిలోకి మార్చారు, దాదాపు రెండు శతాబ్దాలు అది అలాగే చెలామణి అయ్యింది. జన్యు ఆధారాలు చూస్తే ప్రెయిస్సియా కొమ్మ మార్కాన్షియా కొమ్మల మధ్యనుంచే వస్తోంది. దాన్ని బయట ఉంచితే మార్కాన్షియా అన్న పేరుకు ఒక పూర్తి కుటుంబం అన్న అర్థం నిలవదు. 2016లో దాన్ని తిరిగి మార్కాన్షియాలో చేర్చారు, స్కోపోలీ పెట్టిన పేరు మళ్లీ బతికింది.

మన ప్రాంతంవారికి దీన్ని అర్థం చేయించడానికి నేను కందుకూరు కథ చెబుతాను. 1970 దాకా కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 2022లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు మళ్లీ నెల్లూరులో కలిసింది. ఊరు కదలలేదు, గీత కదిలింది. అయితే ఈ పోలికను ఒక హద్దు దాటి లాగకూడదని కూడా పిల్లలకు చెబుతాను. జిల్లా గీతను ఎటు గీయాలన్నది పూర్తిగా మనుషుల ఇష్టం. ప్రజాతి గీతను ఎంత పెద్దగా గీయాలన్నది మనుషుల ఇష్టమే గానీ, ఏ మొక్క ఏ మొక్క నుంచి చీలిందన్నది మన ఇష్టంతో మారదు. ప్రెయిస్సియాను కలుపుకొని ఒక పెద్ద మార్కాన్షియా చేయవచ్చు, లేదా మార్కాన్షియాను ముక్కలు చేసి నాలుగైదు చిన్న ప్రజాతులు చేయవచ్చు. రెండూ నియమానికి లోబడినవే. అన్నదమ్ముల్లో ఒకరిని పక్కింటివాడిగా రాయడం మాత్రం కుదరదు. ముక్కలు చేయకుండా కలుపుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మార్కాన్షియా అన్న పేరు పాఠశాల పిల్లలకు కూడా తెలిసిన పేరు.

ఇంతవరకు చెప్పింది పెద్ద కొమ్మల సంగతి. నాకు అంతకన్నా దగ్గరైనది ఒకే పేరు కింద దాగి ఉన్న జాతుల సంగతి. లివర్‌వర్ట్ శరీరంలో గుర్తులు తక్కువ. పూలు, కాయలు, గింజలు ఉన్న మొక్కకు పోల్చుకోవడానికి పాతిక లక్షణాలు దొరికితే, నేలకు అంటుకొన్న థాలస్‌కు ఆరో ఏడో దొరుకుతాయి. అందువల్ల వేర్వేరు జాతులు ఒకే ముఖంతో కనిపించే అవకాశం ఇక్కడ ఎక్కువ. లిన్నేయస్ 1753లో మార్కాన్షియా కోనికా అని పిలిచి, తర్వాత కోనోసెఫాలం కోనికంగా మారిన మొక్కను ఉత్తరార్ధగోళం అంతటా ఒకే జాతిగా లెక్కించేవారు. పోలండ్‌లోని పోజ్నాన్ నగర శాస్త్రవేత్తలు దాని ఎంజైముల రూపభేదాలను, అంటే జన్యువుల తేడా వల్ల ఒకే ఎంజైముకు వచ్చే వేర్వేరు రూపాలను, జెల్ మీద పరుగెత్తించి చూశారు. పక్కపక్కనే పెరిగే మొక్కలు కూడా రెండు గుంపులుగా చీలిపోయాయి. ఆ గుంపుల మధ్య జన్యువుల మార్పిడి జరుగుతున్న జాడ లేదు. ఇది తెలిశాక వారు మళ్లీ థాలస్‌ను చూశారు. ఒకదాని పైభాగం నున్నగా మెరుస్తోంది. రెండోదాని మీద గాలి గదుల హద్దుల వెంట గాళ్లు పడి, మెరుపు లేకుండా ఉంది. 2005లో ఆ రెండోదానికి కోనోసెఫాలం సలెబ్రోసం అని పేరు పెట్టారు. ఆ గాళ్లు రెండున్నర శతాబ్దాలుగా అందరి కళ్ల ముందే ఉన్నాయి, ఎక్కడ చూడాలో చెప్పేవారు లేక ఎవరూ చూడలేదు. అన్యూరా పింగ్విస్ అనే ఒక్క పేరు కింద పోలండ్ పరిశోధకులే ఇంచుమించు పది గుప్త జాతులను గుర్తించారు. వాటిలో చాలావాటిని కంటితో విడదీయడం ఇంకా కష్టంగానే ఉంది.

చెరువు కట్ట మీద ఆ రోజు జరిగింది కూడా ఇటువంటిదే. మా విద్యార్థిని ఒకరు తూము దగ్గరి చక్రాలనూ, కట్ట పైన ఎండ తగిలే చోటి చక్రాలనూ పక్కపక్కన పెట్టి, "సార్, ఇవి రెండూ ఒకటి కాదేమో సార్. దీని అంచు ఎండితే లోపలికి ముడుచుకుంటోంది, దానిది ముడుచుకోవడం లేదు" అంది. నీటి ఎద్దడిలో తేడా అయి ఉంటుందని నేను కొట్టిపారేశాను. తేమ, నీడ, మట్టి మారితే రిక్సియా ఆకారం మారుతుందన్నది నిజమే కాబట్టి నా మాటలో శాస్త్రం లేకపోలేదు. అయినా ఆ అమ్మాయి చూపు నన్ను వదలలేదు. రెండు చోట్లవీ విడివిడిగా డి.ఎన్.ఏ. చదివించాలని నిశ్చయించుకొన్నాను.

ఈ పనిలో లివర్‌వర్ట్‌లు మనకు చేసే మేలు ఒకటుంది. మనకు కనిపించే థాలస్ ఏకస్థితిక దేహం; దాని కేంద్రకంలో ప్రతి జన్యువుకు ఒక్కటే ప్రతి ఉంటుంది. మామిడిలోనో వేపలోనో తల్లి ప్రతి, తండ్రి ప్రతి కలగలిసి వచ్చి చదివేటప్పుడు తికమక పెడతాయి. ఇక్కడ ఆ బెడద తక్కువ. కీడు చేసేది మట్టి. రిక్సియా అడుగున మూలతంతువులు, పొలుసులు మట్టిని గట్టిగా పట్టుకొని ఉంటాయి, వాటి నడుమ శైవలాలు, శిలీంధ్రాలు, బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. మొదటిసారి నేను థాలస్‌ను కుళాయి నీటితో కడిగి, ఆరబెట్టి, ఒక ప్రయోగశాలకు పంపాను. తిరిగి వచ్చిన అక్షరాల వరుస రిక్సియాది కాదు, మట్టిలోని ఒక ఆకుపచ్చ శైవలానిది. ఒక వానకాలం వృథా అయ్యింది. రెండోసారి సూక్ష్మదర్శిని కింద పెట్టి, సన్నని కుంచెతో ఒక్కొక్క చీలిక అడుగునా కడిగి, పొలుసులు ఊడదీసి, కొత్తగా పెరుగుతున్న కొనలను మాత్రం రెండు మిల్లీమీటర్ల మేర కత్తిరించి, సిలికా జెల్‌లో ఆరబెట్టాం. పది కొనలు శుభ్రం చేయడానికి మాకు ఒక మధ్యాహ్నం పట్టింది. ప్రతి చక్రంలో సగాన్ని పొట్లంలో కట్టి, చోటు, తేదీ, మట్టి రంగు, వెలుతురు రాసి, ఎండు మొక్కలను భద్రపరిచే హెర్బేరియంలో ఉంచాం.

ఆ పొట్లం ఎందుకంత ముఖ్యమో మార్కాన్షియా చరిత్రే చెబుతుంది. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మార్కాన్షియా పాలిమార్ఫా హరితరేణువు జన్యుపటాన్ని పూర్తిగా చదివి ప్రకటించారు. పొగాకు హరితరేణువుతో పాటు అదే సంవత్సరం వచ్చిన ఆ ఫలితం మొక్కల జన్యుశాస్త్రంలో మైలురాయి. 1,21,024 అక్షరాల ఆ వరుసను ప్రపంచమంతా ప్రమాణంగా వాడుకొంది. ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి తీసిన ఆ డి.ఎన్.ఏ. నిజానికి పాలిమార్ఫాది కాదనీ, మార్కాన్షియా పేలియేసియాదనీ తర్వాత ఇతర మొక్కలతో పోల్చి చూసినప్పుడు తెలిసింది. అంత పెద్ద బృందానికే జరిగిన పొరపాటు మనకు జరగదన్న హామీ లేదు. ప్రపంచమంతటి డి.ఎన్.ఏ. వరుసలను దాచే జెన్‌బ్యాంక్ అనే కంప్యూటర్ ఖజానాలో మన వరుసను వేసి, అది చూపించిన మొదటి పేరును రాసుకొని లేచిపోవడం ఇప్పుడు చాలామందికి అలవాటయ్యింది. నాకు అది సమ్మతం కాదు. అక్కడి పేరు ఎవరో ఒకరు కంటితో చూసి పెట్టిన పేరే. ఆ పేరు తప్పయితే మన పేరూ తప్పే. మొక్క ముక్క దాచి ఉంటేనే, ముప్పై ఏళ్ల తర్వాతైనా ఒకరు వచ్చి తప్పు పట్టుకోగలరు.

డి.ఎన్.ఏ. సాక్ష్యాన్ని కూడా అడగవలసిన ప్రశ్న అడిగే నమ్మాలనడానికి మరో ఉదాహరణ ఉంది, ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. మైటోకాండ్రియా జన్యువుల లోపల ఉండే మూడు ఇంట్రాన్‌లు, అంటే జన్యువు సందేశంలోంచి తర్వాత కత్తిరించి తీసేసే ముక్కలు, నాచు మొక్కల్లో, లివర్‌వర్ట్‌ల వంటివే అయిన హార్న్‌వర్ట్‌లలో, తక్కిన నేల మొక్కల్లో ఉన్నాయనీ, లివర్‌వర్ట్‌లలో లేవనీ 1998లో చూపించారు. అవి లేనందువల్ల నేల మీది మొక్కలన్నిటిలో లివర్‌వర్ట్‌లే ముందు విడిపోయాయని నిర్ణయించారు. లివర్‌వర్ట్‌లకు పత్రరంధ్రాలు కూడా లేకపోవడం దానికి బలం చేకూర్చింది. నేనూ పదేళ్లకు పైగా తరగతిలో ఆ మాట చెప్పాను. ఆ తర్వాత ఒకటి రెండు జన్యువులతో కాక వందల జన్యువులతో లెక్క కట్టిన పరిశోధనలు 2014 నుంచి వరుసగా వచ్చాయి. వెయ్యికి పైగా ఆకుపచ్చ మొక్కల నుంచి జన్యు సమాచారం సేకరించిన 2019 నాటి పెద్ద పరిశోధన వాటిలో ఒకటి. వాటి ప్రకారం లివర్‌వర్ట్‌లకు నాచు మొక్కలే అతి దగ్గరి చుట్టాలు, ఆ రెండూ హార్న్‌వర్ట్‌లతో కలిసి ఒకే కొమ్మ. అదే నిజమైతే లివర్‌వర్ట్‌ల పూర్వీకులకు పత్రరంధ్రాలు ఉండేవి, తర్వాత పోయాయి. ఆ ఇంట్రాన్‌లు కూడా ఉండి పోయినవే అయి ఉండాలి. అంటే రిక్సియా కాడ విషయంలో కన్ను చేసిన పొరపాటునే, ఇంట్రాన్‌ల విషయంలో మనం డి.ఎన్.ఏ. చేతిలో పెట్టుకొని కూడా చేశాం. ఒక్క లక్షణం మీద, అది కాడ అయినా ఇంట్రాన్ అయినా, లేనిదా పోగొట్టుకొన్నదా అన్న తీర్పు చెప్పలేం.

మార్కాన్షియా తరగతి మొక్కల్లో డి.ఎన్.ఏ. మార్పులు చాలా నెమ్మదిగా పేరుకొంటాయన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. అందువల్ల నిజంగా వేరైన రెండు జాతుల్లో మనం చదివిన ఒకటి రెండు జన్యువుల ముక్కలు అచ్చంగా ఒకటే కావచ్చు. అక్షరాలు కలిశాయి కనుక జాతి ఒకటే అనడం సరికాదు. అక్షరాలు స్థిరంగా విడిపోతే మాత్రం ఆగి చూడక తప్పదు.

రెండోసారి పంపిన నమూనాల ఫలితాలు పోయిన వేసవిలో వచ్చాయి. హరితరేణువులోని రెండు ముక్కలను చదివించాం. తూము దగ్గరి ఐదు చక్రాలూ తమలో తాము ఒకటే. కట్ట పైనివి ఐదూ తమలో తాము ఒకటే. ఆ రెండు గుంపుల మధ్య తేడాలు రెండు ముక్కల్లోనూ ఉన్నాయి, పదికి పదిలోనూ ఒకే తీరుగా ఉన్నాయి. నీటి ఎద్దడి అక్షరాలను మార్చదు. ఆ అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్లో పీజీ చదువుతోంది. ఫోన్ చేసి, ఆ రోజు నువ్వు చూసిందే నిజమనీ, నేను తొందరపడి కొట్టిపారేశాననీ చెప్పాను.

అయితే ఇవి ఏ జాతులో నేను ఇంకా రాయలేదు. రిక్సియాలో పేరు నిలబడేది సిద్ధబీజం మీద. దాని పైపొర మీద తేనెపట్టులా గళ్లు ఉంటాయి. ఆ గళ్లు ఎన్ని, ఎంత వెడల్పు, వాటి మూలల్లో ముళ్లు లేస్తున్నాయా లేదా, అంచున రెక్క ఉందా లేదా అన్నవి చూడాలి. మొన్న దీపావళి తర్వాతి వానలకు రెండు చోట్లా చక్రాలు మళ్లీ వచ్చాయి, పెద్దాయన చెప్పినట్టు ఆడనే, జానెడు కూడా పక్కకు జరగకుండా. నిన్న ఒక్కొక్క చోటి నుంచి ఒక్కొక్కటి తెచ్చి నిలువునా కోసి చూశాను. తూము దగ్గరిదానిలో సిద్ధబీజాలు నాలుగేసి కలిసి ఉండి ఇంకా లేత పసుపు రంగులో ఉన్నాయి; పైపొర మీద గళ్ల గీతలు లీలగా పడుతున్నాయి. కట్ట పైదానిలో గుళిక ఇంకా పచ్చిది. అవి ముదిరి నల్లబడేదాకా మూడు నాలుగు వారాలు ఆగాలి. ఈలోగా చెరువులో నీరు కట్ట దాకా లేచి తూము దగ్గరివి మునిగిపోతాయేమోనని, మట్టితో సహా ఒక పెద్ద గడ్డను తవ్వి తెచ్చి, మూకుడులో పెట్టి, ప్రయోగశాల కిటికీ దగ్గర ఉంచాను. రోజూ పొద్దున్నే దాని మీద నీళ్లు చిలకరిస్తున్నాం.